గరాజులో నాలుగు వేల తూటాలు, రేంజ్‌కి ఏడాదిలో ఆరుసార్లు

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. నాకు 42 ఏళ్లు, సిటిజన్‌షిప్ వచ్చి ఆరేళ్లయింది. పిస్టల్ షూటింగ్ నా హాబీ. 2020లో ఎక్కడా తూటాలు దొరక్కపోయేసరికి గరాజులో సొంతంగా రీలోడింగ్, అంటే కాల్చిన తొడుగుల్లో మళ్లీ పౌడర్ నింపి కొత్త బుల్లెట్ కూర్చి తూటాలు చేసుకోవడం, మొదలుపెట్టాను. ఇప్పుడు వారానికి నాలుగైదు రాత్రులు అక్కడే. ఇండియా టీమ్ కాల్స్ స్పీకర్లో పెట్టుకుని చేస్తాను కాబట్టి టైమ్ వృథా కాదు. లెక్క చూస్తే 9 ఎం.ఎం. తూటాలు నాలుగు వేలు చేరాయి, షూటింగ్ రేంజ్‌కి మాత్రం నిరుడు ఆరుసార్లే వెళ్లాను, వెళ్లినప్పుడల్లా ఓ వంద కాలుస్తాను. అక్టోబర్‌లో క్లబ్బు మ్యాచ్‌లో ఆఖరు నుంచి రెండోవాణ్ణి, అది వేరే సంగతి. మా ఆవిడ "నువ్వు ఇంట్లో ఉన్నావో లేవో తెలియట్లేదు" అంటోంది. ఏడేళ్ల పాప గరాజు తలుపు దగ్గర నిలబడుతుంది, కాల్చిన ఖాళీ తొడుగులు నాలుగిస్తే లక్కపిడతల్లో గ్లాసులుగా పెట్టుకుని ఆడుకుంటుంది. రీలోడింగ్‌కి ఎంత, రేంజ్‌కి ఎంత టైమ్ కేటాయించాలి?

జవాబు: ముందు ఆ గ్లాసులు పాప దగ్గర్నుంచి తీసేయండి. ఇది చదవడం ఆపి, తీసేసి, ఆ బొమ్మలన్నీ సబ్బుతో కడిగి రండి, నేనెక్కడికీ పోను.

మామూలు ప్రైమర్లలో, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్లల్లో, సీసం ఉంటుందని మీకు తెలుసు. కాల్చాక ఆ మసి తొడుగు లోపలే అంటుకుంటుంది, తొడుగులు శుభ్రం చేసే టంబ్లర్లో పొడిగా తిప్పినప్పుడు లేచే దుమ్ములోనూ అదే ఉంటుంది. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకూ ఉంటే పర్వాలేదు అనే గీత డాక్టర్లు ఎక్కడా గీయలేదు. పాప ఆ గ్లాసుల్లో ఉత్తుత్తి టీ పోసి తాగి ఉంటుంది కూడా. పిల్లల డాక్టర్‌కి దాచకుండా చెప్పి రక్తపరీక్ష అడగండి, భయపడాల్సిందేమీ లేకపోవచ్చు, కానీ తెలుసుకోవాలి. మీరు కూడా బెంచి దగ్గర కాఫీ తాగడం, చిప్స్ తినడం మానేయండి. చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటు మనకెలాగూ ఉంది, రేంజ్‌కి వేసుకెళ్లిన బట్టలకీ అదే మర్యాద చేసి విడిగా ఉతకండి.

ఇక మీ ప్రశ్న. ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ "అది వేరే సంగతి" దగ్గర ఆగాను. నాకు అదే అసలు సంగతిలా కనిపిస్తోంది. అక్టోబర్ తర్వాత రేంజ్‌కి ఎన్నిసార్లు వెళ్లారు? మీరు రాయలేదు. ఒకసారి కూడా వెళ్లలేదేమోనని నా అనుమానం.

నేను కౌన్సెలింగ్ చేసేవాణ్ణే అయినా పన్నెండేళ్లు రీలోడింగ్ కూడా చేశాను, కాబట్టి ఆ బెంచి ఎంత హాయిగా ఉంటుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. తూటాలు కూర్చే ప్రెస్ పిడి కిందికి లాగితే పాత ప్రైమర్ కింద డబ్బాలో టిక్కున పడుతుంది, ఇంకోసారి లాగితే బుల్లెట్ సాఫీగా కూర్చుంటుంది, యాభై గళ్ల ప్లాస్టిక్ పెట్టె నిండుతుంటే పండగ ముందు జంతికలు డబ్బాకెత్తినంత తృప్తి. మేనేజర్ లేడు, రివ్యూ లేదు, ఓడిపోవడం అసలే లేదు. అదే రేంజ్‌లో అయితే టైమర్ బీప్ అంటుంది, మీ గురి ఎంతో పదిమంది ముందు అట్టమీద చిల్లులుగా కనిపిస్తుంది. మ్యాచ్‌లో దెబ్బతిన్నాక గరాజులోకి వెళ్లి మరో మూడు వందలు చేయడమంటే, పరీక్ష తప్పిన కుర్రాడు కొత్త నోటుపుస్తకాలకి అట్టలేసుకుంటూ కూర్చోవడమే. నేనూ వేశాను అట్టలు, అందుకే చెబుతున్నాను.

2020 భయం కూడా ఇంకా మీలో ఉన్నట్టుంది. అప్పుడు ప్రైమర్లు కళ్లకు కూడా కనిపించలేదు, దొరికిన రోజు పెళ్లికి సరుకులు తెచ్చినట్టు తెచ్చుకున్నాం. ఆ కరువు పోయింది, దాచుకునే అలవాటు మిగిలింది. పైగా, మీరు నాకు రాయలేదు గానీ, "దీంతో డబ్బు ఆదా" అని ఇంట్లో చెప్పే ఉంటారు. దూరం కాల్చే రైఫిల్ తూటాలకైతే ఆ మాట నిజమే, అక్కడ మ్యాచ్ తూటా ఖరీదెక్కువ, మన రైఫిల్‌కి సరిపోయేలా చేసుకుంటే గురీ మెరుగవుతుంది. 9 ఎం.ఎం. మాత్రం అంగట్లో దొరికే వాటిల్లో చవకరకం, మిగిలేది తక్కువ. రీలోడింగ్ చేసేవాళ్లు నిజం చెప్పాలంటే ఆదా చేయరు, అదే డబ్బుతో ఎక్కువ కాలుస్తారు. మీరు అదీ చేయట్లేదు. ఏడాదికి ఆరు వందల చొప్పున నాలుగు వేలు ఖర్చవడానికి ఆరున్నరేళ్లు పైనే పడుతుంది, అప్పటికి పాప హైస్కూల్ గుమ్మంలో ఉంటుంది.

కాల్స్ వింటూ చేస్తాను, టైమ్ వృథా కాదు అన్నారే, అక్కడ నాకు నిజంగా కోపమొచ్చింది. 9 ఎం.ఎం.లో పడే పౌడర్ కొంచెమే. చాలా రకాల పౌడర్లయితే రెండుసార్లు పడినా తొడుగులోంచి బయటికి ఒలకదు, మీకు తెలియదు కూడా. అసలు పడకపోతే ఇంకో గొడవ. ఒకసారి ఖమ్మంలో ఉన్న మా అన్నయ్యతో ఫోన్‌లో పొలం గట్టు తగాదా మాట్లాడుతూ ఓ వంద చేశాను. ఆ శనివారం రేంజ్‌లో ఢాం అనాల్సింది టప్ అంది. నేను ధ్యాస లేకుండా స్లయిడ్ లాగి మళ్లీ కాల్చబోతుంటే పక్క లేన్‌లో పెద్దాయన "స్టాప్" అని అరిచాడు. విప్పి చూస్తే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉంది. ఒట్టి ప్రైమర్ బలానికి అంతదూరమే పోయింది, దాని వెనక ఇంకోటి కాల్చి ఉంటే బ్యారెల్ పేలేది, నా వేళ్లు ఉండేవి కావు. అందుకే ఫోన్ ఉన్న రాత్రి ప్రెస్ వద్దు, నిద్ర ఆగని రాత్రి అసలే వద్దు. బుల్లెట్ పెట్టేముందు లైటు కింద ప్రతి తొడుగులోకీ తొంగిచూడాలి. ఆ నాలుగు వేలల్లో కాల్స్ మధ్య చేసినవి ఎన్నో మీకే తెలియాలి. పెట్టెల మీద తేదీలుంటే వాటిని పక్కకు తీసి, మొహమాటపడకుండా పుల్లర్‌తో బుల్లెట్లు ఊడదీయండి. తేదీలే రాయలేదంటే మొత్తం ఊడదీయడమే, విసుగుపుట్టే పనే, పుట్టనివ్వండి.

టైమ్ పంపకం సగం సగం అని నేను చెప్పను. కాల్చినదాన్ని బట్టే చేయడం ఉండాలి. నమ్మకంగా కాల్చగలిగినవి వెయ్యికి తగ్గేదాకా ప్రెస్ మీద గుడ్డ కప్పేయండి. తర్వాత కూడా రెండు వారాలకోసారి, ఆదివారం మధ్యాహ్నం పాప డాన్సు క్లాసుకి వెళ్లే టైమ్‌లోనో ఎప్పుడో, గంటన్నర, తలుపేసుకుని. రేంజ్‌కి రెండు శనివారాలకొకటి, పొద్దున్నే వెళ్లి పదకొండున్నరకి ఇంట్లో ఉండేలా. నూటయాభై తూటాలు చాలు, కాకపోతే ఈరోజు ఏం నేర్చుకోవాలో ముందే అనుకుని వెళ్లండి, మ్యాగజైన్ ఖాళీ చేయడానికి వెళ్లొద్దు.

మీ గురి బాగుపడటానికి తూటాలే అక్కర్లేదు, డ్రై ఫైర్ ఉంది, అంటే ఖాళీ తుపాకీతో గురిచూసి ట్రిగ్గర్ నొక్కడం. వారానికి మూడు రోజులు పదేసి నిమిషాలు. మంచి షూటర్లంతా చేసేదే. తూటా ఒక్కటి కూడా లేని గదిలో, ఛాంబర్ రెండుసార్లు చూసుకుని, గట్టి గోడవైపు, పాప నిద్రపోయాక. గరాజులో మాత్రం వద్దు, అక్కడ నాలుగు వేలున్నాయి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ముందు సైట్ (తుపాకీ కొనమీద గురిచూసే గుర్తు) కదిలిందో లేదో అదే చెప్పేస్తుంది. మ్యాచ్‌లో ఆఖరున ఉండటానికి కారణం నూటికి తొంభైసార్లు ఆ కదలికే అంటాను నేను, తూటా ఎవరు చేశారన్నది కాదు.

ఇక ఆవిడ మాట. ఆవిడ తుపాకులు వద్దనలేదు, గమనించారా? ఇంట్లో ఉన్నావో లేవో అంది. దీనికి మీరు క్యాలెండర్ షేర్ చేసి, శనివారం నాది, ఆదివారం నీది అని స్ప్రింట్ ప్లానింగ్ పెట్టకండి, మన సాఫ్ట్‌వేర్ మొగుళ్లు తరచూ చేసే పొరపాటు ఇది. అక్టోబర్ మ్యాచ్ సంగతి ఆవిడకు చెప్పారా? చెప్పలేదనే నా పందెం. ఓ రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు పక్కన నిలబడి, "ఆ రోజు బాగా చిన్నతనంగా అనిపించింది, అప్పట్నుంచి అక్కడికెళ్లాలంటే ఏదోలా ఉంది" అని చెప్పండి. నవ్వొచ్చు ఆవిడ, నవ్వనివ్వండి. నువ్వూ రేంజ్‌కి రా అని లాగొద్దు, తనంతట తను వస్తానంటే సంతోషం. సేఫ్‌కి తాళం, పౌడర్ కంపెనీ డబ్బాలోనే ఉండటం, గరాజులో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దానికి దూరంగా పెట్టడం, ఇవి ఆవిడ అడక్కముందే చేసి చూపించండి.

ఇది చదివి ఉత్సాహపడే మిగతావాళ్లకి ఓ మాట: ఇండియాలో లైసెన్స్ లేకుండా ఇంట్లో తూటాలు చేయడం ఆయుధాల చట్టం కింద నేరం. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న తమ్ముళ్లకి కూడా, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ గానీ తూటా గానీ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. లాయర్ని అడగందే ముట్టుకోకండి.

గ్లాసులు పోయాయని పాప అలుగుతుంది. ఎవరైనా ఊరి నుంచి వస్తుంటే ఏటికొప్పాక లక్కపిడతలు తెప్పించండి, సహజ రంగులతో చేసినవి అడగండి. అవొచ్చేదాకా వంటింట్లో చిన్న స్టీలు గ్లాసులు నాలుగివ్వండి. మీకూ ఓ గ్లాసు పోస్తుంది. ఫోన్ లోపల పెట్టేసి కూర్చోండి.