ఐపీఎఫ్‌ఎస్, ఫైల్‌కాయిన్‌లో పెట్టిన ఫైళ్లు ఇతరులు చూడగలరా?

చూడగలరు, మీరు ముందే ఎన్‌క్రిప్ట్ చేయకపోతే, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చకపోతే. ఐపీఎఫ్‌ఎస్ అంటే ఫైళ్లను ఒకే సర్వర్‌లో కాకుండా చాలా కంప్యూటర్ల మధ్య పంచుకునే నెట్‌వర్క్. ఫైల్‌కాయిన్ అంటే డబ్బు తీసుకుని ఫైళ్లు దాచిపెట్టే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్. బ్లాక్‌చెయిన్ అనగానే అంతా రహస్యమే అనుకోవడం ప్రమాదం, ముఖ్యంగా ఆధార్ కాపీలు, మెడికల్ రిపోర్టులు దాచుకునేవాళ్లకు.

ఐపీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైల్‌కూ అందులోని సమాచారాన్ని బట్టే సీఐడీ అనే గుర్తింపు తయారవుతుంది. అది తెలిసిన ఎవరైనా ఫైల్ తెచ్చుకోవచ్చు, పాస్‌వర్డ్ ఏమీ అడగదు. పైగా ఏ ఫైల్ ఏ నోడ్ (నెట్‌వర్క్‌లోని కంప్యూటర్) దగ్గర ఉందో నెట్‌వర్క్‌లో బహిరంగంగానే తెలుస్తుంది. అంటే మీరే నోడ్ నడిపితే మీ ఐపీ అడ్రస్ కూడా బయటపడవచ్చు.

2020 అక్టోబరులో మెయిన్‌నెట్ (అసలు నెట్‌వర్క్) మొదలైన ఫైల్‌కాయిన్‌లో బ్లాక్‌చెయిన్ మీద ఉండేది ఫైల్ కాదు, నిల్వ ఒప్పందాలు, రుజువులు. ఫైల్ భద్రంగా ఉందని అవి చెప్తాయి. దాన్ని ఎవరూ చదవలేదని మాత్రం చెప్పవు.

డిలీట్ సంగతి ఇంకా టెన్షన్. మీ కాపీ తీసేసినా, వేరే నోడ్ దాన్ని పిన్ చేసుకుని (తన దగ్గరే ఉంచుకునేలా పెట్టుకుని) ఉంటే అది అక్కడే ఉంటుంది. అందుకే అప్‌లోడ్‌కు ముందే మీ కంప్యూటర్‌లో ఏఈఎస్-256 అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేయండి. ఫైల్ పేరు కూడా మార్చండి. పాస్‌వర్డ్ విడిగా, జాగ్రత్తగా రాసిపెట్టుకోండి. అది పోతే ఆ ఫైల్‌ను మీకు తెరిచిపెట్టే కస్టమర్ కేర్ ఎక్కడా ఉండదు.