జంగిల్ బుక్ కథలో కా మంచిదా, చెడ్డదా?

2016లో వచ్చిన జంగిల్ బుక్ సినిమాలో కా అనే కొండచిలువ, అడవిలో పెరిగే మోగ్లీ అనే పిల్లాణ్ణి మింగబోతుంది కదా, అసలు కథలోనూ అంతేనా అని అడిగారు. కాదండీ. కిప్లింగ్ 1894లో తెచ్చిన పుస్తకంలో మోగ్లీని కాపాడేదే కా.

కోతులు పిల్లాణ్ణి ఎత్తుకుపోయి పాడుబడ్డ నగరంలో పెడతాయి. బాలూ అనే ఎలుగుబంటి, బఘీరా అనే నల్ల చిరుత వెళ్లి సాయం అడిగేది ఈ కొండచిలువనే. 30 అడుగుల ఆ పాము తలతో గుద్ది పాలరాతి జాలీని పగలగొట్టి మోగ్లీని బయటికి రప్పిస్తుంది. తర్వాత మెలికలు తిరుగుతూ ఆడుతుంటే కోతులు మత్తులో ఒక్కో అడుగూ దానివైపే వేస్తాయి. బాలూ, బఘీరా కూడా కదలబోతే మోగ్లీ వాళ్ల భుజాల మీద చేతులేసి ఆపుతాడు. మనిషి పిల్లాడి మీద ఆ మాయ పనిచేయదు! నాకు పుస్తకం మొత్తంలో ప్రాణమైన సీన్ ఇదే.

ఈ కొండచిలువను విలన్ చేసింది 1967 నాటి డిస్నీ కార్టూన్. 2016 సినిమా పుస్తకాన్ని వదిలి దాని దారిలోనే నడిచింది. ఇది పెద్ద నష్టమే అనిపిస్తుంది నాకు.

కోతుల రాజు లూయీ కూడా కార్టూన్ సృష్టే. పుస్తకంలో కోతులకు నాయకుడే లేడు. పైగా కార్టూన్‌లో లూయీ ఒరాంగుటాన్ అనే వానరం. ఒరాంగుటాన్‌లు మన దేశపు అడవుల్లో ఉండవు. అందుకే 2016 సినిమాలో అతన్ని ఎప్పుడో అంతరించిపోయిన జైగాంటోపితికస్ అనే మహా వానరంగా మార్చారు.

పిల్లలకు చదివి వినిపించాలనుకుంటే పైన చెప్పిన ఈ ‘కా వేట’ కథతోనే మొదలుపెట్టండి.