పబ్బులో డాన్సు, ఊరేగింపులో డీజే.. మరి చెవుల సంగతేంటి?

పెళ్లిళ్ల సీజన్ కాబట్టేమో ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే విషయం మీద ఉన్నాయి, డీజే సౌండు, చెవులు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ల పేర్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మాది కావలి, బెంగళూరులో జాబ్ చేస్తున్నాను. శనివారం వస్తే ఫ్రెండ్స్‌తో పబ్‌కి వెళ్లడం అలవాటు, రెండు గంటల పైనే ఉంటాం, అదీ స్పీకర్ల పక్కనే. రూంకొచ్చి పడుకుంటే చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత, ఎవరన్నా మాట్లాడినా సరిగా వినపడదు. మర్నాడు మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. మావాళ్లందరికీ ఇంతేనంట, ఏం కాదులే అంటున్నారు. నిజంగా ఏం కాదా? దూది పెట్టుకుంటే సరిపోతుందా? పబ్ మానేయమని మాత్రం చెప్పకండి డాక్టర్ గారూ.

జవాబు: మానేయమని చెప్పను తమ్ముడూ, పాటలు వినాల్సిన వయసే, డాన్సు చెయ్యాల్సిన వయసే. కానీ మీ ఫ్రెండ్స్ చెప్పింది మాత్రం నమ్మొద్దు. అందరికీ వస్తుంది కాబట్టి అది మామూలే అనుకుంటున్నారు, ఆ గుయ్యిమనే మోత వచ్చిందంటే ఆ రాత్రి మీ లోపలి చెవికి దెబ్బ తగిలిందనే లెక్క.

లోపలి చెవిలో కాక్లియా అని ఒకటుంటుంది, నత్తగుల్లలాగా చుట్టలు తిరిగి బఠాణీ గింజంత సైజులో ఉంటుంది. దాంట్లో సన్నటి కేశాల్లాంటి మొనలున్న కణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు, పుట్టుకతో వచ్చినవే, తర్వాత కొత్తవి రావు. శబ్దం వచ్చినప్పుడు ఈ మొనలు అటూ ఇటూ ఊగితేనే నరానికి కబురు పోతుంది, అప్పుడే మనకి వినపడుతుంది. సౌండు మరీ ఎక్కువైతే అవి ఒరిగిపోతాయి. మన నెల్లూరు చేలల్లో చూస్తాం కదా, గాలికి ఒరిగిన వరి పైరు రెండ్రోజుల్లో లేచి నిలబడుతుంది, అదే పైరు మీద వారం వారం ట్రాక్టర్ తోలితే ఇంక లేవదు. మీకు మర్నాడు మధ్యాహ్నానికి సర్దుకుంటోందంటే ప్రస్తుతానికి లేస్తున్నాయనే, అది మంచిదే, కానీ ప్రతి శనివారం ఇదే జరిగితే కొన్ని లేవడం మానేస్తాయి. పక్షులకి ఈ కణాలు పోయినా మళ్లీ పుడతాయి, మనకి ఆ అదృష్టం లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2009లో అమెరికాలో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిట్టెలుకలకి పెద్ద సౌండు వినిపించి చూశారు, కొన్నాళ్లకి వాటి వినికిడి టెస్టు మళ్లీ మామూలుగానే వచ్చింది, కానీ లోపల చూస్తే కణానికీ నరానికీ మధ్య ఉండే అతుకులు కొన్నిచోట్ల సగం దాకా పోయున్నాయి. అందుకే సర్దుకుంది కదా అన్నంత మాత్రాన పూర్తిగా బాగైపోయిందని నేను ఎవరికీ భరోసా ఇవ్వను.

ఇప్పుడు లెక్క చూడండి, ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తెలిసిపోతుంది. అమెరికాలో నయోష్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టిన హద్దు ఏంటంటే 85 డెసిబెల్స్ (సౌండు ఎంత పెద్దదో చెప్పే కొలత) సౌండులో రోజుకి 8 గంటల దాకా ఉండొచ్చు, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైము సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. పబ్బుల్లో డాన్స్ ఫ్లోర్ మీద 100 ఉండటం మామూలే, అంటే మీరు రెండు గంటలుంటే ఎనిమిది రోజుల కోటా ఒక్క రాత్రిలో వాడేసినట్టు. మూడు డెసిబెల్స్ తేడా చెవికి పెద్దగా తెలీదు, అదే దీంట్లో ఉన్న చిక్కు, కొంచెం పెంచాడులే అనుకుంటాం, అక్కడ టైము సగమైపోయి ఉంటుంది. మీటరు లేకపోయినా ఒక గుర్తు చెప్తా, చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషికి వినపడాలంటే మీరు అరవాల్సి వస్తుంటే 85 దాటేసినట్టే.

దూది సంగతికొస్తే, వద్దు. దూదికి ఐదారు డెసిబెల్స్ తగ్గితే గొప్ప, పైగా పెట్టుకున్నాం కదా అనే ధైర్యంతో ఇంకా దగ్గరికి పోతారు. మెత్తటి ఫోమ్ ఇయర్ ప్లగ్స్ పెద్ద మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతాయి. కాకపోతే చాలామంది వాటిని చెవి అంచున గుచ్చి వదిలేస్తారు, అట్టా పెడితే దూదికీ దానికీ తేడా లేదు. చేతులు కడుక్కుని ప్లగ్‌ని మూడు వేళ్లతో ముడతల్లేకుండా సన్నగా పుల్లలాగా నలపండి, కుడి చెవికైతే ఎడమ చేతిని తల మీద నుంచి తిప్పి చెవి పైభాగం పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి, అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది, వెంటనే ప్లగ్ లోపలికి తోసి వేలితో అట్టానే పట్టుకుని ముప్పై అంకెలు లెక్కపెట్టండి, లోపల అది ఉబ్బి అతుక్కుంటుంది. సరిగా కూర్చుంటే మీ గొంతు మీకే లోపల్నుంచి గంభీరంగా వినపడుతుంది. అద్దంలో ఎదురుగా చూసుకుంటే ప్లగ్ బయటికి పొడుచుకుని కనపడకూడదు. డబ్బా మీద 30 డెసిబెల్స్ తగ్గిస్తుందని రాసున్నా అది ల్యాబ్ లెక్క, మనం పెట్టుకునే తీరుకి దాంట్లో సగం వస్తే సంతోషం, ఆ సగమైనా చాలు.

ఫోమ్‌తో పాట ముద్దగా వినపడుతుంది అంటారు, నిజమే, అది పైస్థాయి శబ్దాల్ని, అంటే కీచుమనే సన్నటి శబ్దాల్ని, ఎక్కువగా కోసేస్తుంది. పాట పాటలాగే వినపడుతూ మొత్తం సౌండు మాత్రం తగ్గాలంటే మ్యూజిషియన్ ప్లగ్స్ అని ఉంటాయి, చిన్న ఫిల్టర్ ఉంటుంది, 15 డెసిబెల్స్ తగ్గించేది తీసుకోండి. 100 నుంచి 85కి దిగిందంటే పై లెక్కలో పావుగంట కాస్తా 8 గంటలైంది చూడండి! ఈ ఒక్క వస్తువు మీద డబ్బులు పెట్టడానికి మాత్రం వెనకాడొద్దు తమ్ముడూ.

దాంతోపాటు స్పీకర్లకి ఎదురుగా నిలబడొద్దు, గంటకోసారి బయటికొచ్చి పది నిమిషాలు నిశ్శబ్దంగా ఉండే చోట కూర్చోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇట్టాంటి చోట్ల కోసమే కొన్ని ప్రమాణాలు పెట్టింది, పావుగంట సగటు తీస్తే సౌండు 100 డెసిబెల్స్ దాటకూడదు, చెవులకి విశ్రాంతిచ్చే నిశ్శబ్దమైన చోటు ఒకటుండాలి, వచ్చినవాళ్లకి ప్లగ్స్ అందుబాటులో ఉంచాలి అని. మీరెళ్లే చోట ఇవి ఉన్నాయో లేవో అడగండి, నలుగురు అడిగితేనే వాళ్లూ పెడతారు. ఇంటికి పోయేటప్పుడు క్యాబ్‌లో మళ్లీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకండి దయచేసి, ఆదివారం మొత్తం చెవులకి సెలవివ్వండి.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. రెండ్రోజులైనా మోత తగ్గకపోయినా, వినికిడి మందంగానే ఉన్నా ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే ఆ రోజే పోవాలి, వారం చూద్దాం అనుకోకూడదు. అట్టా అకస్మాత్తుగా పోయినప్పుడు స్టెరాయిడ్ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత ఉపయోగం, రెండు వారాలు దాటితే వాటి వల్ల ఫలితం బాగా తగ్గిపోతుంది. 2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్ గారు వైరస్ వల్ల తనకి ఇట్టానే అకస్మాత్తుగా వినికిడి దెబ్బతిందని బయటికి చెప్పారు, ఆమెది పాటల సౌండు వల్ల వచ్చింది కాదు, అయినా అదే మాటల్లో పెద్ద సౌండుతో, హెడ్‌ఫోన్స్‌తో జాగ్రత్తగా ఉండమని కుర్రవాళ్లని హెచ్చరించారు.

ప్రశ్న: మాది సింగరాయకొండ. మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు, డీజే సౌండు వాళ్ల దగ్గర పనికి పోతాడు. సీజన్లో రోజూ పెళ్లి ఊరేగింపులు, చవితికి నిమజ్జనాలు, బండి మీద బాక్సుల మధ్యనే కూర్చుంటాడు. ఈ మధ్య పిలిస్తే పలకడం లేదు, టీవీ సౌండు బాగా పెంచుతున్నాడు, ఏదన్నా చెప్తే ఒకటికి వేరొకటి అర్థం చేసుకుంటాడు. చెవులకి ఏదన్నా పెట్టుకోరా అంటే మిక్సింగ్ తెలీదమ్మా అంటాడు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీరు రాసిన మూడు లక్షణాలూ నిర్లక్ష్యం చెయ్యాల్సినవి కాదు. పెద్ద సౌండు వల్ల వచ్చే చెవుడు ముందు 4000 హెర్ట్జ్ (శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) చుట్టుపక్కల మొదలవుతుంది, స, శ, త లాంటి అక్షరాలకి పదును ఇచ్చేది అటు పైస్థాయి శబ్దాలే. అందుకే వాడికి మీ గొంతు వినపడుతూనే ఉంటుంది, మాట మాత్రం అర్థం కాదు. పిలిస్తే పలకడం లేదని కోప్పడకండి, పొగరు కాదమ్మా అది, నిజంగానే వినపడి ఉండదు.

ముందు ఆడియోమెట్రీ టెస్టు చేయించండి. బయటి సౌండు రాని గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో శబ్దం వినిపిస్తారు, వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి, సూదీ లేదు నొప్పీ లేదు, అరగంటలో అయిపోతుంది. ఒంగోలు పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి తీసుకుపోయి అడగండి. ముందురోజు పనికి పంపొద్దు, చెవులకి కనీసం ఒక పూర్తి రాత్రి విశ్రాంతి ఇచ్చాకే టెస్టు చేస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి, ఏడాదికోసారి మళ్లీ చేయించి దాంతో పోల్చి చూడాలి. ఇప్పటిదాకా పోయింది మందులతో తిరిగి రాదు, ఆ మాట చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది, కానీ ఇక్కడితో ఆపడం మన చేతిలోనే ఉంది. మరీ అవసరమైతే వినికిడి మిషన్లున్నాయి.

మిక్సింగ్ తెలీదు అన్నాడే, దానికి జవాబు పైన చెప్పిన ఫిల్టర్ ప్లగ్సే. వీలైతే చెవి కొలత తీయించి అచ్చు పోయించుకోమనండి, గంటల తరబడి పెట్టుకున్నా నొప్పి ఉండదు. చెవి మొద్దుబారిన మనిషి పైస్థాయి శబ్దాలు తనకి సరిగా వినపడక వాటిని ఇంకా పెంచుతాడు, అప్పుడు జనానికి ఆ మిక్సింగ్ గీపెట్టినట్టు ఉంటుంది, ఈ మాట వాడికి చెప్పి చూడండి, పని మీద ప్రేమ ఉన్నవాడైతే వింటాడు. జనరేటర్ బండి వేరే ఉంటే దానికీ దూరంగా కూర్చోవాలి. ఇద్దరు ముగ్గురు పనివాళ్లున్నచోట బాక్సుల దగ్గర వంతులేసుకోవచ్చు. మన దేశంలో ఫ్యాక్టరీల్లోనే 8 గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదని రూలుంది, అంతకంటే ఎక్కువ మోతలో మీ పిల్లాడు రాత్రంతా కూర్చుంటున్నాడు, ప్లగ్స్ కొనివ్వాల్సిన బాధ్యత ఆ ఓనరుకి లేదా? మొహమాటపడకుండా అడగమనండి.

ప్రశ్న: కోవూరు. మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఫంక్షన్లకి డీజే పెడతారు, రాత్రి పన్నెండైనా ఆపరు. నాకు డెబ్భై ఏళ్లు, గుండె జబ్బు. ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: అయ్యా, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు ఉన్నాయి, వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకి మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, ఎవరింట్లో పెళ్లో పుట్టినరోజో అయితే అది దాని కిందకి రాదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించొచ్చు. పది దాటితే 112కి ఫోన్ చెయ్యండి, మర్నాడు స్టేషన్లో రాతపూర్వకంగా కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. మీ ఒక్కరి పేరు మీద ఇవ్వడం ఇబ్బందైతే వీధిలో నలుగురు కలిసి సంతకాలు పెట్టండి. ఆ రాత్రికి ఖాళీ స్థలం వైపు గది వదిలేసి అవతలి గదిలో తలుపులు కిటికీలు వేసుకుని పడుకోండి, మీ గుండె డాక్టర్‌కి కూడా ఈ నిద్ర లేకపోవడం గురించి చెప్పండి, నిద్ర చెడితే బీపీ మీద పడుతుంది.

ప్రశ్న: చీమకుర్తి నుంచి. మా పాపకి ఎనిమిది నెలలు. వచ్చే నెల నెల్లూరులో మా తమ్ముడి పెళ్లి, ఊరేగింపుకి డీజే మాట్లాడారు. పాప చెవులకి ఏం పెట్టాలి?

జవాబు: ప్లగ్స్, దూది ఏదీ పెట్టొద్దమ్మా, లోపలికి జారిపోయే ప్రమాదం. పసిపిల్లల చెవి గొట్టం చిన్నది కాబట్టి పైస్థాయి శబ్దాలు వాళ్లకి మనకంటే ఎక్కువగా తగులుతాయి. చెవుల మీద పూర్తిగా మూసుకునే పిల్లల ఇయర్ మఫ్స్ అమ్ముతారు, వయసు చూసి తీసుకోండి, పెళ్లికి ముందే ఇంట్లో రెండు మూడుసార్లు పెట్టి అలవాటు చెయ్యండి, లేకపోతే ఆ రోజు పీకి పారేస్తుంది. మఫ్స్ ఉన్నాయి కదా అని బండి పక్కనే నడవొద్దు. ఆరుబయట దూరం రెట్టింపైతే సౌండు 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, బాక్సుకి రెండు మీటర్ల దగ్గర్నుంచి ఎనిమిది మీటర్లకి జరిగితే 12 తగ్గినట్టు. కాకపోతే రెండు వైపులా మేడలున్న ఇరుకు సందుల్లో గోడలకి కొట్టుకుని సౌండు తిరిగొస్తుంది, అక్కడ ఈ లెక్క పనిచెయ్యదు. అందుకని ఊరేగింపు మొదలవగానే పాపని మీ అమ్మగారితోనో అత్తగారితోనో ముందుగా కళ్యాణమండపానికి పంపించేయండి, తోడుపెళ్లికూతుళ్లతో డాన్స్ చెయ్యాలని మీకుంటే మీరు హాయిగా చెయ్యండి, మీ చెవుల్లో మాత్రం ఫోమ్ ప్లగ్స్ పెట్టుకుని.