ఖర్చు లేకుండా యాప్‌ను యూజర్లతో పరీక్షించడం ఎలా?

యాప్ వాడటానికి తేలికగా ఉందో లేదో తెలుసుకోవాలి, కానీ యూజర్లతో పరీక్షలు చేసే ల్యాబ్‌కి బడ్జెట్ లేదు, ఏం చేయాలన్నది ప్రశ్న.

ల్యాబ్ అక్కర్లేదు. యాప్ తయారీతో సంబంధం లేని ఐదుగురు, ఒక గది, స్క్రీన్ రికార్డింగ్ చాలు. వాడకం ఎంత తేలిక అన్నదానిపై పరిశోధన చేసిన జాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో చూపిన లెక్క ప్రకారం ఒక్కో యూజర్ దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడతాయి. కొన్ని లోపాలు మళ్లీ మళ్లీ అవే వస్తాయి కాబట్టి, ఐదుగురు అయ్యేసరికి 85 శాతం దాకా దొరుకుతాయి. సగటే సుమా, మీ యాప్‌కి అచ్చంగా అంతే రావాలని లేదు. నన్నడిగితే పదిహేను మందితో ఒకేసారి చేసే కన్నా, ఐదుగురితో చూసి, సరిచేసి, ఇంకో ఐదుగురితో చూడటం మేలు.

అసలు కష్టమంతా మనం నోరు మూసుకుని కూర్చోవడంలో ఉంది. "సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి" అంటే దారి మనమే చెప్పేసినట్టు. "మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయింది, ఇప్పుడేం చేస్తారు?" అనండి. మనసులో అనుకునేది పైకి అంటూ ఉండమనండి. వేలు ప్రొఫైల్ బొమ్మ మీద ఆగి, వెనక్కి వచ్చి, మెనూ తెరిచి, "ఇక్కడే ఉండాలే..." అని గొణుగుతారు చూడండి, రాసుకోవాల్సింది అదే. "పైన కుడివైపు" అని చెప్పేయాలని మన నోరు ఊరుకోదు. చెప్పకండి. "ఎక్కడుంది?" అని అడిగితే, "నేను పక్కన లేకపోతే ఎక్కడ వెతికేవారు?" అని తిరిగి అడగండి.

"బాగుందా?" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు.

ఇద్దరు ముగ్గురు ఆగిపోయిన చోటు ముందు సరిచేయండి. యాప్ ఇంకా తయారు కాకపోతే, కాగితం మీద స్క్రీన్లు గీసి చూపించినా పరీక్ష జరిగిపోతుంది.