గొంతు పెంచక్కర్లేదు, సంతకం ఆపండి చాలు

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. జరగని ఖర్చులకు బిల్లులు, వెనక తేదీలు వేసిన వోచర్లు నా చేతే తయారు చేయించి సంతకం పెట్టిస్తున్నారు. ఆదివారం ఆరాధనలో కూర్చున్నా అవే గుర్తొస్తాయి. కాదంటే ఉద్యోగం పోతుందేమో, ఇంటి లోను ఉంది. మా వారు "ఇప్పుడు నీతులు వద్దు, చెప్పింది చెయ్" అంటున్నారు. సంఘంలో అక్కలేమో "ఆఫీసులో ఒక్కరికైనా సువార్త చెప్పావా" అని నిలదీస్తారు. నాకు అందరి ముందూ భోజనానికి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడానికే సిగ్గు. నాది పిరికి విశ్వాసమేనా?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. నలుగురిలో కళ్ళు మూసుకోవడానికి సిగ్గుపడటం ఒకటి, అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టడం ఇంకొకటి. మీరు రెండింటినీ ఒకే గాటన కట్టి కుమిలిపోతున్నారు.

మొదటిది తొందరగా తేల్చేద్దాం. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థన చేసుకోమన్నది ప్రభువే. నెహెమ్యా అయితే రాజు ఎదుట నిలబడి, రాజు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పేలోపు ఆ కాస్త వ్యవధిలోనే ప్రార్థన చేసుకున్నాడు, పక్కనున్న వాళ్ళెవరికీ తెలిసి కూడా ఉండదు. కాబట్టి కళ్ళు తెరిచే కృతజ్ఞత చెప్పుకోండి, ఏమీ తక్కువైపోరు. ఎవరైనా "మీరు విశ్వాసులా" అని సూటిగా అడిగితే మాత్రం అవునని చెప్పండి. పేతురు తడబడింది అక్కడే కదా, చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగిన మాటకి.

ఇక ఆ అక్కల మాట. ఒక చేత్తో దొంగ వోచరు రాస్తూ ఇంకో చేత్తో కరపత్రం ఇస్తే, పక్క సీటులో ఉన్నవాళ్ళకి ఏది గుర్తుంటుంది? కొన్నాళ్ళు ఆ ప్రశ్నని పక్కన పెట్టండి. అడిగేవాళ్ళకి మీ ఆఫీసులో ఏం జరుగుతోందో తెలియదు.

ఇప్పుడు సంతకం సంగతి. దానియేలు అనగానే అందరం సింహాల గుహ దగ్గరికి పరుగెత్తుతాం గానీ, మీకు పనికొచ్చేది ఆ గ్రంథంలో మొదటి అధ్యాయం. చెరపట్టి తెచ్చిన బబులోను రాజు పెట్టే భోజనం ముట్టకూడదని ముందు మనసులో తీర్మానించుకున్నాడు, తర్వాత వెళ్ళి తమని చూసుకునే అధిపతిని మర్యాదగా అడిగాడు. ఆ అధిపతికి తన తల పోతుందని భయం. దానియేలు ఆ భయాన్ని ఎగతాళి చేయలేదు, ప్రసంగమూ చేయలేదు. ఆ అధిపతి తమ మీద ఉంచిన మనిషితో మాట్లాడి "10 రోజులు కూరగాయలు, నీళ్ళు ఇచ్చి చూడండి" అని ఒక దారి చూపించాడు. తీర్మానంలో ఏ మాత్రం సడలింపు లేదు, మాట మాత్రం మెత్తన. మనలో చాలామంది దీన్ని తిరగేస్తాం, మాట గట్టిగా ఉంటుంది, తీర్మానం సాయంత్రానికి కరిగిపోతుంది.

మీరూ అలాగే వెళ్ళండి. మేనేజర్ ఒంటరిగా ఉన్నప్పుడు, తలుపు దగ్గర నిలబడి కాదు, కూర్చుని, "సార్, జరగని ఖర్చుకి బిల్లు నేను ఇక తయారు చేయలేను. అసలు ఖర్చు ఏమిటో చెప్పండి, దాన్ని సరైన పద్దులో ఎలా చూపించాలో నేను చూస్తాను" అనండి. అంతవరకే. ఎందుకు అని ఆయన అడిగితే అప్పుడు మీ విశ్వాసం గురించి ఒక్క మాట చెప్పవచ్చు. అడగకపోతే వాక్యం ఎత్తకండి, అది ఆయనకి నిందలా వినిపిస్తుంది. ఇప్పటిదాకా పెట్టిన సంతకాల విషయంలో తొందరపడి ఎక్కడా ఏమీ రాసివ్వకండి, ముందు ఒక మంచి లాయర్‌ని కలవండి, ఎందుకంటే రేపు ఎవరైనా తవ్వితే కాగితం మీద కనిపించేది మీ పేరు.

మీ వారితో ఈ మాటే ముందు చెప్పండి. ఆయన మీ విశ్వాసానికి శత్రువు అని నాకు అనిపించడం లేదు, లోను చూసి భయపడుతున్నారు, ఆ భయం న్యాయమైనదే. ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి, జీతం ఆగితే ఎన్ని నెలలు నెట్టుకురాగలరు, ఏ ఖర్చు ఆపవచ్చు, వేరే ఉద్యోగానికి ఎక్కడెక్కడ అప్లై చేయవచ్చు. అన్నీ చెప్పాక కూడా ఆయన కాదంటే? గౌరవం తగ్గించకండి, సంతకం కూడా పెట్టకండి. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని అబద్ధం చెప్పాలని అననీయ, సప్పీర అనే భార్యాభర్తలిద్దరూ కలిసే అనుకున్నారు, కానీ ఆమెని విడిగా అడిగారు, ఆమె విడిగానే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మిమ్మల్ని భయపెట్టడానికి అనడం లేదు, మా ఆయన చెప్పారు కాబట్టి అనే మాట అక్కడ ఆమెకి అక్కరకు రాలేదు.

ఉద్యోగం నిజంగానే పోవచ్చు. సంఘంలో చెప్పే సాక్ష్యాల్లో మనం ఎప్పుడూ వినేది "కాదన్నాను, దేవుడు ప్రమోషన్ ఇచ్చాడు" అనే కథలే. కాదని ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నవాళ్ళకి మైకు ఎవరు ఇస్తారు? అగ్నిగుండం ముందు దానియేలు స్నేహితులు ముగ్గురూ దేవుడు రక్షిస్తాడని చెప్పి ఊరుకోలేదు, ఒకవేళ రక్షించకపోయినా రాజు నిలబెట్టిన ప్రతిమకి మొక్కం అన్నారు. ఆ రెండో సగానికి కూడా సిద్ధపడి వెళ్ళండి.

ఒక్కరే మోయకండి. సంఘంలో నోరు అదుపులో ఉన్న ఇద్దరిని చూసుకుని ప్రార్థన చేయమనండి, ప్రార్థన కూటంలో మాత్రం ప్రకటించకండి, అది మర్నాటికల్లా ఆఫీసు దాకా వెళ్తుంది. తనకి ధైర్యంగా మాట్లాడే శక్తి రావాలని ప్రార్థించమని పౌలే ఎఫెసు వాళ్ళని అడిగాడు, మీరు అడగడంలో తప్పేముంది?

మేనేజర్‌తో మాట్లాడటం ఈ వారంలోనే పెట్టుకోండి. నెలాఖరు వోచర్లు బల్ల మీదికి వచ్చాక ఆయనకీ టెన్షనే, మీకూ టెన్షనే, ఇద్దరిలో ఎవరికీ మాట సవ్యంగా రాదు.