స్కోరు యాభై దాటితే నడుం పోయినట్టా?

ప్రశ్న: మా ఆయన తణుకు దగ్గర రైస్ మిల్లులో ముఠా పని చేస్తారు. ఐదు వారాల కిందట ధాన్యం బస్తా లారీకెత్తుతుంటే నడుం పట్టేసింది. ఫిజియోథెరపీకి వెళ్తే పది ప్రశ్నల కాగితం నింపించి, నూటికి 62 వచ్చింది, యాభై దాటితే పనిలోకి వెళ్లడం కష్టం అన్నారు. అప్పట్నుంచీ ఆయన మంచం దిగడం లేదు. ఇక బస్తా మొయ్యలేరా డాక్టర్ గారూ?
– ఒక సోదరి

జవాబు: ఆ మాట ఆ కాగితం చెప్పదమ్మా. అది స్వీడన్‌లోని ఓరెబ్రోలో స్టీవెన్ లింటన్ అనే సైకాలజిస్టు తయారుచేసిన ప్రశ్నావళికి పొట్టి రూపం. స్కోరు యాభై దాటినవాళ్లకి నొప్పి మొండికేసే అవకాశం ఎక్కువ, కాబట్టి వాళ్ల మీద ముందే ఎక్కువ శ్రద్ధ పెట్టండి అని వైద్యుడికి చెప్పడానికి పెట్టిన పరీక్ష. నంబరు చెప్పి ఇంటికి పంపేశారు చూడండి, నాకు బాధ కలిగింది అక్కడే.

ఒకసారి ఆ కాగితం తీసి చూడండి. నొప్పి ఎన్నాళ్ల నుంచి, ఎంత ఉంది అన్నవి రెండే ప్రశ్నలు. మిగతావన్నీ నిద్ర, టెన్షన్, దిగులు, తేలికపాటి పని చేయగలరా, నొప్పితో పని చేయకూడదనుకుంటున్నారా, ఇలాంటివి. మూడు నెలల్లో మామూలు పని చేసే అవకాశం ఎంత అన్నచోట ఆయన పదికి 2 వేసి ఉంటే లెక్కలో దాన్ని తిరగేసి, అంటే పదిలోంచి తీసేసి, 8 కలుపుతారు. అంటే ఆ 62లో ఆయన భయం కూడా ఉంది, భయం తగ్గితే ఆ అంకె కూడా తగ్గుతుంది.

ఆయన ఏ ప్రశ్నకి ఎక్కువ వేశారో ఆ ఫిజియోథెరపిస్టుతోనే కూర్చుని మాట్లాడండి. పడుకుని ఉంటే నడుం ఇంకా బిగుసుకుంటుంది, రోజూ పొద్దున కాలవ గట్టు మీద కాసేపు నడిపించండి, కాస్త నొప్పి పుట్టినంత మాత్రాన లోపల ఏదో తెగిపోతున్నట్టు కాదు. మేస్త్రీని కలిసి, మోత కాకుండా బస్తాలు కుట్టడమో కాటా దగ్గర లెక్క రాయడమో రోజుకి రెండు గంటలు ఇమ్మని అడగండి. ఈఎస్ఐ ఉంటే పనిలో దెబ్బ తగిలి పని చేయలేని రోజులకి వేతనంలో 90 శాతం దాకా వస్తుంది, లేకపోతే మిల్లు యజమానిని చట్టప్రకారం నష్టపరిహారం అడగొచ్చు. ఆ కాగితం మాత్రం మిల్లులో ఎవరికీ ఇవ్వకండి, అది వైద్యం కోసం రాసింది.

కాలు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా స్కోరు సంగతి పక్కనపెట్టి అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.