ఎక్సెల్‌లో చివరి 21 ఎందుకు పోయింది? – సమాధానం

గాజువాక స్కూల్ ఎగ్జిబిషన్ చార్టుకి మీ పాప 111111111 వర్గం వేస్తే ఎక్సెల్ 12345678987654300 చూపించిందన్నారు. ఫార్ములా తప్పు కాదండీ. ఎక్సెల్ 15 అంకెలే ఉంచుకుంటుంది, మిగతావి సున్నాలైపోతాయి. ఇది 17 అంకెల సంఖ్య. ఫార్మాట్ సెల్స్‌లో ఎంత వెతికినా ఆ 21 తిరిగి రాదు.

పాప చేత చేతితోనే చేయించండి, చార్టుకి అందమూ అదే. 111111111ని 11111 0000 + 1111గా విడగొట్టండి. 11111² = 123454321, దాని పక్కన 8 సున్నాలు. 2 × 11111 × 1111 = 24688642, దీనికి 4 సున్నాలు. 1111² = 1234321. మూడూ కాగితం మీదే కూడాలి. ఆ కూడిక ఎక్సెల్‌కి ఇస్తే మళ్ళీ అదే గొడవ. వచ్చేది 12345678987654321. దాన్ని సెల్‌లో పెట్టాలంటే ముందు ఆ సెల్‌ని టెక్స్ట్‌గా మార్చి టైప్ చేయండి. పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) ఉంటే 111111111**2 చాలు, అంకె పోదు.

జడ్జీలు తప్పక అడిగేది: పది ఒకట్లయితే? వరస చెడుతుంది, 1234567900987654321 వస్తుంది. మధ్య స్థానంలో 10 పడి, 1 ఎడమకి మోసుకెళ్ళాలి, అక్కడున్న 9 కూడా 10 అవుతుంది.

చార్టు కింద జాగా ఉంటే కారణాంకాలు రాయించండి: 3⁴ × 37² × 333667². భాజకాలు 5 × 3 × 3 = 45. అంకెల మొత్తం 81, సంఖ్య కూడా 81తో భాగించబడుతుంది.